కుచ్చుకోని బట్ట

మా తమ్ముడు బనీను తిరగేసి తొడుక్కునేవాడు. కుట్లు బయటికి, నునుపు వైపు ఒంటికి. నారాయణఖేడ్‌లో మా వాడకట్టంతా ఎరిగిన సంగతి అది. అయినా దారిన పోయేవాళ్లు కొత్తగా చూసినట్టు ఆగి, "ఏందిరో, ఉల్టా తొడిగినవ్?" అనేవారు. వాడు ఎవరు అడిగినా ఒకటే చెప్పేవాడు.

"కుట్లు మీరు చూడుర్రి. నాకొద్దు."

వాడు నాకంటే రెండేళ్లు చిన్న. మాటలు తక్కువ. మనిషి కళ్లలోకి చూసి మాట్లాడడు, ఎద్దు కళ్లలోకి చూసి మాట్లాడతాడు. కందులు జల్లెడ పట్టమని వాడికి అప్పజెప్తే అందులో ఒక్క రాయి మిగలదు. కానీ మధ్యలో ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే జల్లెడ కింద పెట్టి వెళ్లిపోతాడు. ఆటిజం అన్న మాట మేం విన్నది చాలా ఆలస్యంగా. హైదరాబాదులో ఒక డాక్టరమ్మ ఆ మాట చెప్పేటప్పటికి వాడికి ముప్పై దాటాయి. తెలియడం మంచిదే అయింది, వాడి గురించి మేం అనుకున్నవి చాలావరకు సర్దుకున్నాయి. బట్టల సంగతి మాత్రం అంతకు ముందే, ఎనభైల చివర్లో, నా పెళ్లి నాటికే తేల్చుకున్నాం. తేల్చుకున్న పద్ధతి కొంచెం విచిత్రంగా ఉంటుంది కాబట్టి రాస్తున్నాను. ఇలాంటి పిల్లలున్న తల్లులు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు.

మా దిక్కు మేనమామ బట్టలు పెట్టడం అంటే చిన్న విషయం కాదు. మా అమ్మ తమ్ముడిది కల్హేర్. మంచి రైతు, గొంతు పెద్దది, మనసు కూడా. ప్రతి దసరాకు బస్సు దిగి, సంకలో బట్టల మూటతో వచ్చేవాడు. బట్టకు తడి పసుపు అద్ది, పిల్లల చేతిలో పెట్టి, అక్కడికక్కడే తొడిగించాలి. ఉతికి తొడుక్కుంటామంటే కుదరదు. ఉతికిన బట్ట పెట్టడమంటే వాడిన బట్ట పెట్టినట్టే. వాడిన బట్ట చుట్టానికి పెట్టడమంటే ముఖం మీద కొట్టినట్టే. కొత్త బట్టకు ఉండే గంజి బిరుసు, దుకాణంలో అల్మారా వాసన, ఇవన్నీ అందరికీ పండగ వాసన. తమ్ముడికి అవి ఏమిటో ఎవరం అడగలేదు.

చిన్నప్పుడు ఏడ్చేవాడు. కాస్త పెద్దయ్యాక ఏడవడం మాని విప్పడం మొదలుపెట్టాడు. ఒక దసరాకు మామ నీలం రంగు టెర్రీకాట్ అంగి తెచ్చాడు. ఆ రోజుల్లో టెర్రీకాట్ అంటే గొప్ప. నలగదు, రంగు పోదు, నడుస్తుంటే సన్నగా చప్పుడు చేస్తుంది. తొడిగించారు. తమ్ముడు చేతులు రెండూ పక్కలకు తగలకుండా దూరంగా పట్టుకొని కొట్టంలోకి నడిచాడు. కాసేపటికి వాకిట్లో పిల్లలు కేకలు పెట్టారు. పోయి చూస్తే మా తెల్ల ఎద్దు కొమ్ముకు నీలం అంగి వేలాడుతున్నది. ఎద్దు తల ఆడించినప్పుడల్లా చేతులు ఊగుతున్నాయి. తమ్ముడు పక్కనే గాటికి ఆనుకొని, తిరగేసిన బనీనులో, హాయిగా కూర్చున్నాడు.

మామ చూసి, "ఇగ చూడు బావా! నేను తెచ్చిన బట్ట నీ ఎద్దుకు సరిపోయింది" అన్నాడు.

మా నాన్నను మేం బాపు అంటాం. ఆయన బావ వరస కదా, ఊరుకోలేదు. "ఎద్దన్న ఏసుకున్నది, సంతోషపడు. నీ పెండ్లికి నువ్వు నాకు పెట్టిన ధోతి ఎద్దు సుత ముట్టలే."

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు, కానీ ఆ నవ్వు సగంలోనే ఆగింది. అన్నం తిన్నాడు, పాయసం రెండుసార్లు పోయించుకున్నాడు, ఆ తర్వాత అలిగాడు. కడుపు నిండాక అలిగే మనిషిని నేను మా మామను తప్ప ఇంకొకరిని చూడలేదు.

తర్వాత ఒక పెద్దమ్మ ఇంటికొచ్చి అమ్మతో అన్నది. "పోరనికి బట్టలతోటి పంచాది కాదే. మేనమామ చెయ్యి అచ్చొస్తలేదు. ఒక్కపారి వేరేటోళ్ల చేత పెట్టించి చూడు." అమ్మకు అది నిజమే అనిపించింది. ఆ ఏడు మామ తెచ్చిన బట్టలను బోరంచ తీసుకుపోయి, నల్లపోచమ్మ ముందు పెట్టి, అక్కడ వేరేవాళ్ల చేత తొడిగించారు. తమ్ముడు అమ్మవారి ఎదుటే అంగి విప్పి, చక్కగా మడత పెట్టి, పూజారి చేతికిచ్చి వచ్చాడు. అమ్మవారికి కోపం రాలేదు. కల్హేర్‌లో మా మామకు వచ్చింది. తన చెయ్యి మంచిదో కాదో గుడికి తీసుకుపోయి పరీక్ష చేయించారని ఆయనకు తెలిసింది. ఆ తర్వాత కూడా దసరాకు వచ్చేవాడు, బట్టలూ తెచ్చేవాడు. కానీ తమ్ముడివి మాత్రం గడప మీద పెట్టి, "తొడుగుతె తొడగుమను, లేకుంటే ఎద్దుకియ్యుర్రి" అని బయటే నిలబడేవాడు.

నేను ఏడో తరగతితో బడి మానాను. లెక్కలు మాత్రం వదల్లేదు. ఎవరూ చెప్పకపోయినా అవి నాలో నడుస్తూనే ఉండేవి. మా పక్కింటి దర్జీ కాక మిషను దగ్గర కూర్చొని, గుడ్డ పన్నా ఇంత, పొడుగు ఇంత, ఏ ముక్క ఎటు తిప్పి కోస్తే తక్కువ వృథా అవుతుందో నోటిలెక్క చెప్పేదాన్ని. గజాలకూ మీటర్లకూ మధ్య ఆయనకు తలనొప్పి, నాకు ఆట. అక్కడ కూర్చున్నప్పుడే ఒకటి తోచింది. తమ్ముడు బట్టలు వద్దంటున్నాడని అందరం అంటున్నాం. కానీ బట్ట అంటే ఒకటి కాదు. గుడ్డ ఉంది, గంజి ఉంది, కాలరు ఉంది, కాలరు లోపల బిరుసు కోసం పెట్టే బక్రం గుడ్డ ఉంది, కుట్లు ఉన్నాయి, గుండీలు ఉన్నాయి. ఇన్నీ కలిపి ఒకేసారి వద్దంటే ఏది వద్దంటున్నాడో ఎలా తెలుస్తుంది? ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. రెండు కలిపి మారిస్తే లెక్క చెడిపోతుంది.

కాకకు చెప్తే నవ్వాడు గాని కాదనలేదు. మొదట బక్రం తీసేశాం. తమ్ముడు ఆ అంగి కొంతసేపు ఉంచుకున్నాడు. తర్వాత కాలరే తీసేశాం, ఇంకొంతసేపు ఉంచుకున్నాడు. ఆ తర్వాత మెడ వెనక కుట్టే దుకాణం లేబులు దగ్గర కాకకూ నాకూ గొడవ అయింది.

"లేబులు తియ్యనంటే తియ్య" అన్నాడు కాక. "లేబులు లేకుంటె ఎవలు కుట్టిన్రో ఎట్ల తెలుస్తది? తండ్రి పేరు లేని పోరని లెక్క అయితది."

"తండ్రి పేరు మెడ మీద పొడిస్తె పోరడు ఊకుంటడా కాకా?"

కాక కాసేపు మిషను తొక్కి, "అయితె కింద అంచుకు కుడుత. బయటి దిక్కు. గది నా ఆఖరి మాట" అన్నాడు. అట్లా మా తమ్ముడి అంగీలకు లేబులు తుంటి దగ్గర, బయటికి, అందరికీ కనబడేలా ఉండేది. వాడికి అది ఇష్టంగానే ఉండేది. వేలితో రుద్దుకుంటూ తిరిగేవాడు. లేబులు చెడ్డది కాదు, అది ఉన్న చోటు చెడ్డది.

నూలు గుడ్డ, ఉతికి మెత్తబడినది, కాలరు లేనిది, కుట్టు అంచులు మడిచి చదునుగా కుట్టినది. ఇక్కడికి వచ్చేసరికి లెక్క తేలిందనుకున్నాను. మెత్తనిదైతే పడుతుంది, గరుకైతే పడదు. సూత్రం దొరికిందని సంబరపడ్డాను. ఆ చలికాలమే తమ్ముడు బాపు గొంగడి కప్పుకొని, అది కిందికి జారకుండా నడుముకు తాడు కట్టుకొని, రోజంతా తిరిగాడు. గొంగడి కంటే గరుకైనది మా ఇంట్లో ఏదీ లేదు. మేం తాకితేనే దురద పెట్టేది. నా సూత్రం అక్కడికక్కడే కూలింది. మనుషుల మాట కంటే లెక్కకు ఎదురొచ్చిన ఒక్క గొంగడి ఎక్కువ నేర్పుతుందని నాకు అప్పుడు తెలిసింది. నేను చెయ్యనిది ఒకటుంది. వాడినే అడగలేదు. కొట్టంలో ఎద్దుకు చొప్ప వేస్తుంటే పక్కన నిలబడి, వాడి ముఖం కేసి కాకుండా ఎద్దు కేసే చూస్తూ అడిగాను.

"గొంగడి కుచ్చుతలేదా?"

"కుచ్చుతది."

"మరి?"

"గొంగడి అంతట ఒక్కతీరు కుచ్చుతది." చొప్ప సర్దాడు. "అంగి ఒక్కొక్క తాన ఒక్కొక్క తీరు. యాడ కుచ్చుతదో ఎరుకుండది. గదే సూస్తుంట. పని చాతగాదు."

ఇంత పొడుగు మాట వాడి నోట అంతకు ముందు విన్నట్టు నాకు గుర్తు లేదు. గొంగడి బరువుగా ఒంటినంతా పట్టుకొని ఉంటుంది, నిలకడగా ఉంటుంది. అంగి మాత్రం మెడ దగ్గర ఒకటి చేస్తుంది, చంక దగ్గర ఇంకొకటి చేస్తుంది. మనకు ఒక నిమిషంలో మరుపు వస్తుంది. వాడికి రాదు. పొద్దంతా ఎవరో వేలితో పొడుస్తూనే ఉంటే ఇంకొక పని మీద మనసు ఎలా నిలుస్తుంది? మొండితనం అని మేం పేరు పెట్టింది దీనికి. అడిగితే చెప్పేవాడు. అడగడం మాకు తోచలేదు, అంతే.

నా సంబంధం కుదిరింది. అబ్బాయిది నాగల్‌గిద్ద దిక్కు. కంది చేన్లు, సగం తెలుగు సగం కన్నడం మాట్లాడే ఇల్లు. పెళ్లిలో హోమం దగ్గర పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పోయాల్సింది ఆమె అన్నో తమ్ముడో. ఈ మాట పెళ్లి చేయించే అయ్యగారి నోట విన్న రోజే తమ్ముడు సాధన మొదలుపెట్టాడు. సంతలో జొన్న పేలాలు కొనుక్కొచ్చి, ఒక చేటలోంచి ఇంకొక చేటలోకి దోసిలితో పోసేవాడు. ఒక్కటి కింద పడితే మళ్లీ మొదటినుంచి. అయ్యగారిని బజారులో ఆపి, "ఎన్నిసార్లు?" అని అడిగాడట. "మూడు" అన్నారట ఆయన. మూడు అన్నది వాడికి నచ్చింది.

ఇంట్లో మాత్రం వేరే మాట నడుస్తున్నది. మా పెదనాయిన వచ్చి అన్నాడు. "పోరడు నిలబడతడా? నలుగురిల అంగి విప్పితె ఏమైతది? మా పెద్దోడు పోస్తడు తియ్. వరసకు వాడు సుత తమ్ముడే."

తమ్ముడు చేటలోంచి తల ఎత్తకుండా, "నేనే" అన్నాడు.

"బట్టలు ఏసుకోవాలె మరి. కొత్తవి. మామ పెట్టినవి" అన్నాడు పెదనాయిన.

తమ్ముడు పొయ్యడం ఆపాడు. చేతిలో పేలాలు అలాగే ఉన్నాయి. "నేనే" అని మళ్లీ అన్నాడు, ఈసారి చిన్నగా.

పెళ్లి పందిట్లో పాత బట్టలతో నిలబెడితే మగపెళ్లివారి ముందు మా మాట పోతుంది. కొత్తవి మామవి కాకుండా ఇంకెవరివో తొడిగిస్తే మామ ఇక జన్మలో మా గడప తొక్కడు. మామ తెచ్చినవి తెచ్చినట్టు తొడిగిస్తే తమ్ముడు నిలబడలేడు. మూడు దిక్కులా మూసుకున్న లెక్క అది. తెరుచుకోవడానికి ఒక్క దిక్కే ఉంది, అది కల్హేర్ దిక్కు. బాపుతో కలిసి సంత రోజు బస్సెక్కాను.

మామ సంతలో కనబడ్డాడు. ఇస్త్రీ మడతలు గీతల్లా కనబడుతున్న తెల్ల అంగి వేసుకొని, మాట మాటకూ మెడ దగ్గర వేలు పెట్టి కాలరు లాక్కుంటున్నాడు. సంగతి చెప్పాను. గుడ్డ ఇప్పుడే కొను మామా, మేం చెప్పినట్టు కుట్టించు, పెళ్లిదాకా ఉతికిస్తూ ఉండు, మెత్తబడుతుంది, అప్పుడు పెట్టు.

"ఉతికిన బట్ట పెట్టాల్నా?" మామ గొంతుకు పక్కన మేకలు బేరం చేసేవాళ్లు కూడా తిరిగి చూశారు. "పెండ్లిల, నీ అత్తగారోళ్ల ముంగట, మేనమామ పాత బట్ట పెట్టిండని పేరు తెస్తవా నాకు? మొదలు నా చెయ్యి అచ్చిరాదన్నరు. ఇప్పుడు నా బట్ట సుత?"

"చెయ్యి మంచిదే మామా. ఎప్పుడూ మంచిదే. వానికి పడనిది బక్రం."

"బక్రమా?"

"ఒక్కటి అడుగుత. ఎన్ని ఉతుకులకు బట్ట పాతదైతది? ఒక్కదానికే అయితదా?"

"ఒక్కదానికి ఎట్లయితది?"

"రెండిటికి?"

"కాదు."

"మూడిటికి? ఎన్నోదానికి అయితదో చెప్పు. దానికి ఒక్కటి తక్కువ ఉతుకుదాం."

బాపు పక్కకు తిరిగి నవ్వుకుంటున్నాడు. "నీ బిడ్డను వకీలుకిచ్చి చేస్తె అయిపోతుండె బావా, గీ రైతు పోరనికెందుకిచ్చినవ్" అన్నాడు మామ. అంటూనే మెడ దగ్గర మళ్లీ వేలు పెట్టాడు.

"నీ కాలరు ఎట్లున్నది మామా?"

"కుత్తిక పిసికినట్టున్నది. బజారుకొస్తి కద, ఏసుకోకుంటె ఎట్ల?"

"ఇంటికి పోయినంక?"

"పోంగనె ఇప్పేస్త."

"తమ్మునికి గంతే మామా. నీకు మెడ తాన, వానికి ఒళ్లంత. నువ్వు ఇంటిదాక ఓర్సుకుంటవ్. వానికి ఓర్పు లేక కాదు, వానికి అది పదంతలు తెలుస్తది."

మామ వేలు కాలరులోనే ఉండిపోయింది. నేను ఇంకొక మాట కూడా చెప్పాను, అది అంత ముఖ్యం అనుకోకుండానే. ఉత్త ఉతుకుతో గుడ్డ మెత్తబడుతుంది గాని చంకల దగ్గర, మోచేతుల దగ్గర మడతలు బిరుసుగానే ఉంటాయని, బాపు పాత బట్టలు తమ్ముడికి నచ్చేది అవి మనిషి ఒంటి మీద నలిగినందుకేనని. మామ "చూస్త తియ్" అన్నాడు. కొలతలు అడిగాడు. చెప్పాను. మామదీ తమ్ముడిదీ ఇంచుమించు ఒకటే కొలత, మామ బొజ్జ ఒక్కటే తేడా. అంతే. చేస్తానని గాని చెయ్యనని గాని అనకుండా మేకల దిక్కు పోయాడు.

పెళ్లి దగ్గర పడుతున్నా కల్హేర్ నుంచి కబురు లేదు. తమ్ముడు పేలాలు పోస్తూనే ఉన్నాడు. పెదనాయిన కొడుకు కూడా రెండుసార్లు వచ్చి ఎట్లా పోయాలో చూసిపోయాడు, అవసరమైతే ఉండాలని. అప్పుడు కల్హేర్ నుంచి వచ్చిన ఒక చుట్టం కూర్చోకముందే మొదలుపెట్టింది.

"మీ మామకు ఏమన్న సోకిందానే? పట్టు రంగు లాల్చీ పైజామా జత ఒకటి కుట్టించుకున్నడు. అది తొడుక్కొని నాగలి కాడికి పోతుండు, అది తొడుక్కొనే పంటుండు. పొద్దుగాల బాయి కాడ తానే పిండుకుంటుండు, చాకలికి ఇస్తలేడు. బీడీ తాగాలంటె లాల్చీ ఇప్పి కంచె మీద ఏసి, దూరం పోయి ఉత్త పెయ్యితోటి తాగుతుండు. ఏందయ్యా అంటె, 'పొగ వాసన పడతది, మా అల్లునికి పడది' అంటుండు. ఊరంత పరేషాన్ ఉన్నది."

మా దిక్కు మేనల్లుణ్ణి అల్లుడు అనే అంటారు. అమ్మ వింటూ వింటూ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వు ఆపుకోలేక.

పెళ్లినాడు పొద్దున నేను అలంకరణ గదిలో ఉన్నాను. తలుపు సందులోంచి పందిరి కనబడుతున్నది. మామ పళ్లెంలో బట్టలు పట్టుకొని వచ్చాడు. అమ్మకు పట్టుచీర, బాపుకు ధోతి, తమ్ముడికి లాల్చీ పైజామా. మగపెళ్లివారి ముసలమ్మ ఒకామె పళ్లెంలో చెయ్యి పెట్టి లాల్చీని వేళ్ల మధ్య రుద్ది చూసింది. వాళ్ల దిక్కు అలవాటు ప్రకారం కన్నడంలోనే అంది, "ఇదేను? హళే బట్టె!" పాత బట్ట అని. అది అర్థం కావడానికి ఎవరికీ కన్నడం అవసరం పడలేదు. పెదనాయిన తన కొడుకు దిక్కు చూశాడు.

మామ పళ్లెం దించలేదు. "పాతదే అవ్వా" అన్నాడు, మేకల సంతలో వినబడిన గొంతుతోనే. "నేనే తొడిగి పాత చేసిన. దుకాణంల కొత్తది పైసలిస్తె ఎవలన్న తెస్తరు. గిది తయారు చెయ్యాలంటె మేనమామ గావాలె. నీ మనుమనికి గావాల్నంటె చెప్పు, వచ్చే ఏడు తొడిగి పెడుత."

ముసలమ్మ ఒక క్షణం చూసి, చిగుళ్లు కనబడేలా నవ్వింది. ఆమె నవ్వగానే మిగిలినవాళ్లకు నవ్వడానికి అనుమతి దొరికినట్టయింది.

ఇక తొడిగించడమే అనుకున్నాను. అమ్మ పసుపు తడిపి, అలవాటుగా లాల్చీ మెడ దగ్గర అద్దబోయింది. ఇన్ని లెక్కలు వేసిన నాకు ఆ తడి పసుపు తట్టనే లేదు. మెడకు చల్లగా అంటుకొని, తర్వాత ఎండి పెచ్చు కట్టే చుక్క. తమ్ముడు వెనక్కి అడుగేశాడు. చేతులు పక్కలకు దూరంగా లేచాయి. ఎద్దు కొమ్ము రోజున చూసిన చేతులు అవి. గదిలోంచి లేవబోయాను, తోడున్నవాళ్లు భుజాలు పట్టి కూర్చోబెట్టారు. అప్పుడు తమ్ముడే నోరు తెరిచాడు.

"గాడ వద్దు. కింద."

లాల్చీ కింది అంచు పట్టుకొని చూపించాడు, లేబులు ఉండే చోటు. అమ్మ చెయ్యి గాలిలోనే ఆగింది. మెడకు కాకుండా కింద అద్దవచ్చునా అని అయ్యగారి దిక్కు చూసింది. అయ్యగారు పంచాంగం లోంచి తల ఎత్తకుండా, "పసుపు పసుపే, ఎక్కడైతే ఏంది, జల్దీ కానియ్యుర్రి, ముహూర్తం దాటుతుంది" అన్నారు. అమ్మ కింద అద్దింది. తమ్ముడు లాల్చీ ముఖానికి దగ్గరగా పట్టుకొని వాసన చూశాడు. లోపలి దిక్కు వేలితో చంక దగ్గరినుంచి నడుము దాకా రాసుకుంటూ పోయాడు. తొందరపెట్టవద్దని మామ రెండు చేతులూ చాపి అందరినీ ఆపుతున్నాడు. తమ్ముడు తల మీదుగా తొడుక్కున్నాడు. భుజాలు ఒకసారి కదిలించాడు. కొంతసేపు దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు. ఏమీ పొడవలేదు. చేతులు కిందికి దిగి పక్కలకు ఆనాయి.

మామ వాడిని ముట్టుకోలేదు. ముట్టుకోవాలని ఎంత ఉందో ఆయన చేతులు చూస్తే తెలుస్తున్నది. రెండూ వెనక కట్టుకొని నిలబడ్డాడు.

హోమం దగ్గర పొగ, బ్యాండు చప్పుడు, మీద పడే జనం. బాపు ముందుగానే బ్యాండువాళ్లను వీధి చివరికి పంపించాడు. "పేలాలు అయినంక వచ్చి గట్టిగా కొట్టుర్రి" అన్నాడు. తమ్ముడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నా దోసిలి కేసి మాత్రమే చూస్తూ పేలాలు పోశాడు. సమంగా, ఒక్కటి కింద పడకుండా. రెండోసారి. మూడోసారి. చూస్తున్న ఆడవాళ్లు ఎవరో, "ఎంత ముద్దుగా పోస్తుండే" అన్నారు. నా పెళ్లికొడుకు సరదాగా, "ఇంకొంచెం పొయ్యరాదూ బావమరిదీ" అన్నాడు.

"మూడే" అన్నాడు తమ్ముడు. "అయిపోయింది." చేతులు దులుపుకొని దిగి వెళ్లిపోయాడు.

బట్టల గురించి నన్ను అడిగే తల్లులకు నేను చెప్పేది ఇంతే. పిల్లవాడు విప్పేస్తే మొండితనమని కోపం తెచ్చుకోకండి, వాడికి నొప్పి పుడుతున్నది అనుకోండి. ఒక్కొక్కటి మార్చి చూడండి. లేబులు కత్తిరించండి, లేదా వాడికి నచ్చిన చోటికి మార్చండి. తొడిగించే ముందు తాకనివ్వండి, వాసన చూడనివ్వండి. మాట వస్తే అడగండి, రాకపోతే చేతులు ఎటు పోతున్నాయో చూడండి. ఒక బట్ట నచ్చితే అలాంటిదే ఇంకొకటి ఇప్పుడే తెచ్చి మెత్తబడనివ్వండి, ఉన్నది చిరిగినాక వెతికితే ఆలస్యం. వాడి కోసం బట్ట నలపడానికి ఒప్పుకునే మనిషి ఇంట్లో ఒక్కరున్నా అదృష్టమే. అందరికీ మా మామ దొరకడు.

సాయంత్రం అప్పగింతలప్పుడు అందరం ఏడుస్తున్నాం. అమ్మ నన్ను పట్టుకొని ఏడుస్తూ, నా భుజం మీదుగా తమ్ముణ్ణి చూసి, ఏడుపు ఆపింది. "వాని లాల్చీ ఇప్పియ్యుర్రి ఎవలన్న. భోజనాల కాడ పప్పు పోసుకున్నడు. మరక పోదు."

"ఇప్ప" అన్నాడు తమ్ముడు. అంటే విప్పను అని.

"పొద్దటి సంది అదే ఒంటి మీదున్నదిరా. ఉతికి ఇస్త."

"ఇప్ప."

అమ్మ మళ్లీ చెయ్యి చాపబోతే మామ మధ్యలోకి వచ్చాడు. ఆయన కళ్లు అప్పటికే ఎర్రగా ఉన్నాయి, నా కోసమో ఇంకెందుకోసమో నేను అడగలేదు. "ఉండనియ్ అక్కా" అన్నాడు. "మరక పడనియ్. వాడు ఇప్పనంటుండు, వినవడ్డదా? నేను పెట్టిన బట్ట వాడు ఇప్పనంటుండు."